గెలిచిన తీరాంధ్రను గణపతిదేవుడు ఎలా నిలబెట్టుకున్నాడు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకతీయులు అనగానే అందరికీ రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు, ఓరుగల్లు తోరణాలు గుర్తొస్తాయి. దాదాపు 63 ఏళ్లు ఏలిన గణపతిదేవుడిని మాత్రం "రుద్రమ వాళ్ల నాన్న" అనేసి దాటేస్తారు. నిజానికి ఓరుగల్లు చుట్టూ ఉన్న ఒక రాజ్యాన్ని సముద్రం దాకా తీసుకెళ్లింది ఈయనే. తీసుకెళ్లడం సరే, అక్కడ ఎలా పాతుకున్నాడన్నది అంతకంటే ఆసక్తికరమైన కథ. దాని గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి.

గణపతిదేవుడు కొన్నాళ్లు శత్రువుల చెరలో ఉన్నాడంటారు, నిజమేనా?

నిజమే. పెదనాన్న రుద్రదేవుడు (హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన ఆయన) దేవగిరి యాదవులతో యుద్ధంలో పోయాడు. తర్వాత గద్దెనెక్కిన తండ్రి మహాదేవుడు అదే యాదవుల మీదికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు, కొడుకు గణపతి వాళ్లకు చిక్కాడు. రాజు లేడు, వారసుడు చెరలో ఉన్నాడు, చుట్టుపక్కల సామంతులు ఇదే అదనని తోక ఝాడించడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో రాజ్యాన్ని కాపాడింది సేనాని రేచర్ల రుద్రుడు. 1213లో రామప్ప గుడి కట్టించిన రుద్రుడే ఈయన. 1199 ప్రాంతంలో యాదవ రాజు జైతుగి గణపతిని వదిలిపెట్టాడు. యాదవుల శాసనాలు దీన్ని జాలిపడి వదిలినట్టు, తామే ఆంధ్రదేశానికి రాజును చేసినట్టు రాసుకున్నాయి. జాలి సంగతి ఏమో గానీ, దక్షిణాన వాళ్లకు శత్రువులు వేరే ఉన్నారు, ఓరుగల్లు వైపు నుంచి తలనొప్పి లేకుండా చూసుకోవాలన్న లెక్క అందులో ఉండే ఉంటుంది.

ఒకటి గమనించండి. విడుదలై వచ్చాక ఈయన పగ తీర్చుకోవడానికి దేవగిరి మీదికి పోలేదు. మొహం తూర్పుకు తిప్పాడు.

తెలుగు రాజు తెలుగు నేలను గెలిస్తే అది "కొత్త రాజ్యం" ఎలా అవుతుంది?

ఇప్పటి మ్యాపు పెట్టుకుని చూస్తే ఈ ప్రశ్న వస్తుంది. అప్పట్లో వెలనాడు, కమ్మనాడు, దివిసీమ, కొలను, వేంగి, ఇవన్నీ వేరే లోకం. కృష్ణా డెల్టాలో నీళ్లు, వరి, ఓడరేవులు, పాత గుళ్లు. పైన ఓరుగల్లు వైపు మెట్ట నేల, చెరువుల కింద సాగు. తీరం వాళ్లు తరాల తరబడి చాళుక్య చోళులకు, తర్వాత వెలనాటి చోడులకు మొక్కినవాళ్లు. చందవోలు నుంచి ఏలిన వెలనాటి చోడుల ముందు కాకతీయులు నిన్నగాక మొన్న పైకొచ్చిన కుటుంబం. తీరంలో వాళ్లను రాజులుగా ఎవరూ తలచుకుని కూర్చోలేదు.

యుద్ధం పెద్దదేనా?

పెద్దదే గానీ చాలాకాలం సాగలేదు. పల్నాటి యుద్ధం తర్వాత తీరంలోని రాజకుటుంబాలు అప్పటికే చితికిపోయి ఉన్నాయి, వెలనాటి పృథ్వీశ్వరుడు ఒంటరివాడయ్యాడు. 1201 నాటికే బెజవాడలో గణపతిదేవుడి శాసనం పడింది. ఆ తర్వాత దివిసీమ మీదికి వెళ్లారు. దాన్ని కొట్టిన సేనాని మల్యాల చౌండుడు "దివిచూరకార" అని బిరుదు తగిలించుకున్నాడు. దివిని కొల్లగొట్టినవాడని అర్థం, దాచుకోవడం ఏమీ లేదు. పృథ్వీశ్వరుడి తలను బంతిలా ఆడుకున్నవాడని ఇంకో బిరుదు గణపతిదేవుడి పేరు మీదే ఉంది: పృథ్వీశ్వర శిరః కందుక క్రీడా వినోద. కాబట్టి ఈయన చేయి మెత్తన అనుకోకండి.

ఓడిపోయినవాళ్లను ఏం చేశాడు?

కథ అసలు ఇక్కడ మొదలవుతుంది. ఎక్కువ మందికి తెలిసింది మోటుపల్లి శాసనం, దానికే వద్దాం. కానీ నన్నడిగితే గణపతిదేవుడి తెలివి మొత్తం జాయపను దగ్గరికి తీసుకోవడంలోనే కనిపిస్తుంది.

దివిసీమను ఏలింది అయ్య వంశం. వెలనాటి చోడుల కొలువులో సేనానులుగా పెరిగిన కుటుంబం. ఇల్లు కొల్లగొట్టాక పాత యజమానికి నమ్మకంగా ఉన్న ఆ కుటుంబాన్ని గణపతిదేవుడు అక్కడే వదిలేసి ఉంటే పదేళ్లలో తిరుగుబాటు ఖాయం, వెళ్లగొట్టి ఉంటే లంకలు, రేవులు, కాలువలు తెలిసిన మనుషులు పోయేవాళ్లు. ఆయన రెండూ చేయలేదు. ఆ ఇంటి ఆడపిల్లలు నారాంబ, పేరాంబలను పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల తమ్ముడు, ఇంకా కుర్రవాడైన జాయపను తనతో తీసుకెళ్లి ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. అంటే గజసాహిణి. నిన్న ఓడిపోయినవాడి కొడుకు చేతిలో ఇవాళ రాజుగారి యుద్ధపు ఏనుగులు! అప్పటి సైన్యంలో ఏనుగుల దళం అంటే మాటలు కాదు, దాన్ని చేతిలో పెట్టాడంటే ఇంటి మనిషిని చేసుకున్నాడనే.

తర్వాత జాయపకు తీరంలోనే చేబ్రోలు, వెలనాటి పెత్తనం దక్కాయి. ఆయన 1213లో వేయించిన చేబ్రోలు శాసనంలోనే తన వంశం కథ, గణపతిదేవుడు తమను చేరదీసిన కథ రెండూ ఉన్నాయి. 1231లో సొంత సీమ దివిలో ఒక శివాలయం కట్టించి, అందులోని దేవుడికి గణపేశ్వరుడని పేరు పెట్టాడు. గణపతిదేవుడి పేరే! తన ఊరిని కొట్టిన రాజు పేరును తన ఊరి దేవుడికే పెట్టాడు, ఊళ్లో జనం రోజూ ఆ పేరు చెప్పుకుని దండం పెట్టుకుంటారు. ఇంతకంటే గట్టి కాపలా ఏ కోటగోడా ఇవ్వలేదు.

జాయప అక్కడితో ఆగలేదు. 1253–54లో నృత్తరత్నావళి రాశాడు, అందులో శాస్త్ర నృత్యంతో పాటు పేరిణి లాంటి దేశి నృత్యాలకూ చోటిచ్చాడు. ఏనుగుల సేనాని నాట్యశాస్త్రం రాయడమేంటని నవ్వేవాళ్లుంటారు గానీ, 1213 నుంచి 1254 దాకా ఒక మనిషి ఒకే రాజు నీడలో ఎదిగాడంటే ఆ బంధం ఎంత కుదురుగా ఉందో ఆలోచించండి.

అందరినీ ఇలాగే దగ్గరికి తీశాడా?

లేదు. మనిషిని బట్టి, చోటును బట్టి. కొల్లేటి ఒడ్డున కొలను రాజ్యం విషయంలో ఇలాంటి వియ్యం ఏదీ పెట్టుకోలేదు. ఇందులూరి సోమ మంత్రి దాన్ని గెలిచాడు, దాని పాలన కూడా ఆయనకే అప్పగించారు, అందుకే ఆయన కొలని సోమ మంత్రి అయ్యాడు. అంటే పనికొచ్చే కుటుంబం ఉన్నచోట వియ్యం, లేనిచోట తన సొంత అధికారి.

కూతుళ్ల పెళ్లిళ్లూ రాజకీయమేనా?

అవును, దీనికి మొహమాటపడాల్సిన పని లేదు, ఇప్పటి మన రాజకీయ కుటుంబాల వియ్యాల్లాంటివే. ఒక కూతురు గణపాంబను ధరణికోట (అమరావతి దగ్గర) ఏలే కోట వంశపు బేతరాజుకిచ్చాడు. రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య వంశం కుర్రాడు వీరభద్రుడికిచ్చాడు. మ్యాపు తీసి చూడండి: దివిసీమ, ధరణికోట, నిడదవోలు. కృష్ణ ముఖద్వారంలో బావమరిది, కృష్ణ ఒడ్డున మీదికి వస్తే అల్లుడు, గోదావరి వైపు ఇంకో అల్లుడు. రెండు నదుల మీదా చుట్టాలే.

నిడదవోలు సంబంధానికి ఇంకో విలువ కూడా ఉంది. వేంగి చాళుక్యుల చేతిలో అప్పటికి పెద్ద రాజ్యమేమీ మిగల్లేదు గానీ ఆ పేరు పాతది, గౌరవం ఉన్నది. కొత్తగా పైకొచ్చిన వంశానికి అలాంటి పేరున్న ఇంటితో చుట్టరికం కలిస్తే తీరంలో మర్యాద దానంతట అదే వస్తుంది.

గణపాంబ గురించి ఒక మాట. భర్త పోయాక ఆమే ఆ సీమను ఏలింది. 1250 నాటి యనమదల శాసనం ఆమెదే. ధరణికోటలో భర్త పేరిట బేతేశ్వరాలయం, యనమదలలో తండ్రి పేరిట గణపేశ్వరాలయం కట్టించింది. మళ్లీ అదే పద్ధతి చూశారా, ఓరుగల్లు రాజు పేరు గుంటూరు సీమ గుళ్లోకి. తోబుట్టువు రుద్రమ గద్దెనెక్కడానికి చాలా ముందే గణపాంబ రాజ్యం నడిపి చూపించిందన్నది ఎవరూ పెద్దగా చెప్పుకోరు, ఎందుకో.

మోటుపల్లి అభయశాసనం అసలు ఏం చెప్తుంది?

స్కూలు పుస్తకంలో ఒక్క లైనులో అయిపోతుంది గానీ చదవాల్సిన శాసనం ఇది. 1244–45 నాటిది. సారాంశం నా మాటల్లో: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సరుకుతో బయల్దేరిన ఓడ తుపానులో చిక్కి, విరిగి, ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఇదివరకటి రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లు. మేం అలా చేయం. డబ్బు ప్రాణం కన్నా ఎక్కువనుకుని సముద్రం మీద అంత సాహసం చేసి వచ్చేవాళ్లకు, దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం.

సుంకం ఎంతంటే ఎగుమతి, దిగుమతి దేని మీదైనా ముప్పైలో ఒక వంతు. మన లెక్కలో 3.3 శాతం. దాని కింద సరుకుల పట్టీ ఉంటుంది: గంధం, కర్పూరం, చీనీ కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. చీనీ కర్పూరం మోటుపల్లి ఒడ్డున దిగుతోందంటే ఆ వర్తకం ఎంత దూరం పాకిందో ఊహించుకోండి. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కో పోలో "ముత్ఫిలి" అని రాసింది ఈ రేవు పేరు మీదే.

అంటే రాజుగారు వర్తకుల మీద జాలిపడ్డారా?

జాలి అని శాసనంలోనే ఉంది కాబట్టి కాదనను. కానీ లెక్క కూడా చూడండి. విరిగిన ఓడ ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, వాటిని లాక్కుంటే ఆ రోజుకు పండగే, మిగతా ఓడలు భయపడి వేరే రేవుకు పోతాయి. సుంకం ఎంతో ముందే తెలిస్తే వర్తకుడు ధైర్యంగా వస్తాడు. పైగా సరుకు పట్టీ రాతి మీద ఉంటే రేవులోని సుంకరి ఇష్టమొచ్చినట్టు గుంజడం కుదరదు. "ఇదివరకటి రాజులు" అని పేరు పెట్టకుండా అనడం కూడా ఊరికే కాదు. పాత ఏలికల కింద మీరేం పడ్డారో మాకు తెలుసు, మా కింద అలా ఉండదు అని తీరం వాళ్లకు చెప్పడమే అది.

ఇది ఎంత పనికొచ్చిందంటే, కాకతీయులు పోయాక 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు అభయం ఇస్తూ శాసనం వేయించాడు.

ఇంకొక తేదీ గొడవ. చాలామంది "గెలవగానే మోటుపల్లి శాసనం వేశాడు" అని రాస్తుంటారు. బెజవాడ 1201, మోటుపల్లి 1244. మధ్యలో నలభై ఏళ్లకు పైనే! మొదట ఒడ్డు, ఆ తర్వాత ఆ ఒడ్డున నమ్మకమైన మనుషులు, ఆ మనుషులు కుదురుకున్నాకే రేవుకు హామీ. రాజు మాటకు పూచీ ఉంటేనే కదా వర్తకుడు నమ్మేది.

గుళ్లు, మఠాలకు దీనితో ఏం సంబంధం?

చాలా ఉంది. గణపతిదేవుడు గోళకీ మఠం అనే శైవ మఠానికి చెందిన విశ్వేశ్వర శంభువు దగ్గర శైవ దీక్ష తీసుకున్నాడు. గురువుగారికి మందరం అనే ఊరు ఇచ్చాడు, అంటే ఇప్పటి మందడం. తర్వాత 1261లో రుద్రమదేవి వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. ఆ వివరాలన్నీ మల్కాపురం శాసనంలో ఉన్నాయి. అవును, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే.

ఆ శాసనం చదివితే ఆ గురువు అక్కడ ఒక ఊరినే నిలబెట్టాడనిపిస్తుంది. గుడి, మఠం, వేదాలు చెప్పే పాఠశాల, ఆస్పత్రి, పురుళ్లకు విడిగా ప్రసూతిశాల, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టే సత్రం, వైద్యుడికి, లెక్కలు రాసే కాయస్థుడికి, ఊరి కాపలావాళ్లకు భూములు. దక్షిణం నుంచి తెచ్చిన 60 బ్రాహ్మణ కుటుంబాలకు కూడా అక్కడ భూములిచ్చారు. కృష్ణ దక్షిణపు ఒడ్డున, ఒకప్పుడు వెలనాటి చోడుల గుండెకాయ లాంటి నేల మీద, ఓరుగల్లు రాజగురువు నడిపే ఇంత పెద్ద వ్యవస్థ. భక్తి నిజమే అయ్యుండొచ్చు, పెత్తనం కూడా నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదని ఎక్కడుంది?

కాకతీయులు శూద్రులా, క్షత్రియులా?

ఈ గొడవ మీద ఆన్‌లైన్‌లో జనం గంటల తరబడి కొట్టుకుంటారు, నాకు ఓపిక లేదు. ఒక్కటే చెప్తా. కొన్ని శాసనాలు వాళ్లను చతుర్థ కులం (అంటే నాలుగో వర్ణం, శూద్రులు) అని తడబాటు లేకుండా చెప్తాయి. మోటుపల్లి శాసనం మాత్రం వంశాన్ని సూర్యుడి నుంచి మొదలుపెడుతుంది. దేశదేశాల ఓడలు ఆగే రేవులో వేసిన శాసనంలో సూర్యవంశం ఎందుకు కావాల్సి వచ్చిందో మీరే ఆలోచించుకోండి.

నెల్లూరు కూడా ఈయనే గెలిచాడా?

గెలిచి కలుపుకోలేదు, తన మనిషిని నిలబెట్టాడు. నెల్లూరు మనుమసిద్ధిని అక్కన, బయ్యన తరిమేస్తే, ఆయన మంత్రి, భారతం రాసిన మన తిక్కన సోమయాజి, ఓరుగల్లు వచ్చి సాయం అడిగాడని సిద్ధేశ్వర చరిత్ర చెప్తుంది. సేన వెళ్లింది, మనుమసిద్ధి మళ్లీ గద్దెనెక్కాడు. 1249–50 నాటికి కంచిలో కూడా కాకతీయ శాసనం ఉంది. కానీ అంత దూరాన్ని నేరుగా ఏలే ప్రయత్నం ఆయన చేసినట్టు కనిపించదు. ఏది మింగొచ్చు, ఏది మింగితే అరగదు అన్నది ఆయనకు బాగా తెలుసు.

ఓరుగల్లు నుంచి తీరానికి రాజధాని మార్చలేదేం?

సొంత బలం ఉన్నది మెట్ట ప్రాంతంలో. పాకాల, రామప్ప చెరువులు తవ్వించిన సేనానుల కుటుంబాలు అక్కడివే, సైన్యం అక్కడిదే. హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారి రాతికోట కట్టుకోవడమే ఆయన చేసిన రాజధాని మార్పు. దాన్ని రుద్రమ ఇంకా బలపరిచింది. తీరం డబ్బు తెచ్చేది, ఓరుగల్లు దాన్ని కాపాడేది.

ఇంత చేశాడు కదా, ఎక్కడా బెడిసికొట్టలేదా?

కొట్టింది. అనుకున్నచోట మాత్రం కాదు.

చివరి రోజుల్లో పాండ్య రాజు జటావర్మ సుందర పాండ్యుడు పైకి వచ్చి, ముత్తుకూరు దగ్గర కాకతీయ పక్షాన్ని ఓడించి, నెల్లూరులో వీరాభిషేకం చేయించుకున్నాడు. దక్షిణం చేజారింది. అది బయటివాడు కొట్టిన దెబ్బ.

లోపలి దెబ్బ వేరే. గణపతిదేవుడు పైకి తెచ్చిన అధికారుల్లో గంగయ సాహిణి ఒకడు. కాయస్థ కుటుంబం, గుర్రాల దళంలో పైకొచ్చాడు, 72 నియోగాల (అంటే కొలువు శాఖల) మీద అధిపతి అయ్యాడు, నల్గొండ దగ్గరి పానగల్లు నుంచి కడప వైపు మార్జవాడి దాకా ఏలాడు. ఆయన ఉన్నంతకాలం ఏ తేడా లేదు. ఆయన తర్వాత మేనల్లుళ్ల చేతికి వెళ్లింది, వాళ్లలో అంబదేవుడు రుద్రమదేవి మీద తిరగబడ్డాడు. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని చెప్తుంది. అంబదేవుడితో పోరులోనే ఇద్దరూ పోయారని ఎక్కువ మంది చరిత్రకారుల మాట.

చూడండి, ఓడించి దగ్గరికి తీసిన దివిసీమవాళ్లు తిరగబడలేదు, తానే చేతులారా పెంచిన కొలువు మనిషి కుటుంబం తిరగబడింది. నా లెక్కలో తేడా ఇక్కడుంది: జాయపకు గణపతిదేవుడితో చుట్టరికం ఉంది, గంగయకు పదవి ఉంది. పదవి మేనల్లుడికి దిగింది గానీ ఆ విశ్వాసం దిగలేదు. పైగా అంత పొడుగు సీమ ఒకే కుటుంబం చేతిలో పెట్టడం గణపతిదేవుడి పొరపాటే, ఇందులో ఆయన్ని వెనకేసుకురాలేం. తర్వాత ప్రతాపరుద్రుడు అంబదేవుణ్ణి అణచి, అధికారాన్ని చాలామంది నాయకులకు పంచిపెట్టడం వెనక ఈ అనుభవం ఉండే ఉంటుంది. నాయంకర వ్యవస్థ, 75 మంది నాయకులు అని మనం చదువుకునేది అదే.

తీరం మాత్రం, మధ్యలో ఒడిదుడుకులు ఎన్ని వచ్చినా, 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు పడిపోయేదాకా మొత్తానికి కాకతీయులదిగానే ఉంది.

గ్రూప్స్‌కి చదువుతున్నా, వీటిలో ఏం గుర్తుపెట్టుకోవాలి?

1199–1262, మోటుపల్లి 1244, ముప్పైలో ఒక వంతు సుంకం, జాయప – నృత్తరత్నావళి – గజసాహిణి, మల్కాపురం 1261. గణపాంబ – యనమదల కూడా చూసుకోండి, అందరూ వదిలేసేది అదే. టెన్షన్ వద్దు, మిగతాది చదివి ఆనందించండి చాలు.

ఈ చోట్లు ఇప్పుడు చూడొచ్చా?

చూడొచ్చు. మోటుపల్లి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉంది, శాసన స్తంభం వీరభద్రాలయం దగ్గరే. చేబ్రోలు గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో తగులుతుంది. జాయప కట్టించిన గుడి ఉన్న గణపేశ్వరం నాగాయలంక మండలంలో. మల్కాపురం తుళ్లూరు మండలంలో, వెలగపూడి సచివాలయం పని మీద వెళ్లినవాళ్లు పక్కనే ఉన్న ఆ శాసనాన్ని చూసి రావడానికి పెద్ద టైమేం పట్టదు. ఎండాకాలం మాత్రం వద్దు, తీరంలో ఉక్కపోత తట్టుకోలేరు.